కాలలూ: చామయాకుల చిక్కని వంటకము

వెస్టిండీసు దీవులలోని ట్రినిడాడునందు కాలలూ యను వంటకము మిక్కిలి ప్రసిద్ధము. మన పెరటి చామయే దానికి మూలము. లేతయాకులను సన్నముగా తరిగి, బెండకాయలు, ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయ చేర్చి, కొబ్బరిపాలలో నుడికించి, చిక్కబడునట్లు చిలుకుదురు. పీతలను వేయుటయు గలదు. అన్నముతో భుజింతురు.

క్రొత్తగా వండువారికి మేము చెప్పునది యొకటి. జమైకా దీవిలో నిదేపేరు తోటకూరజాతి యాకునకు చెల్లును. అది త్వరగా నుడుకును. చామ యట్లుగాదు. ఉడుకు చాలనిచో, అందలి సూదులవంటి సూక్ష్మస్ఫటికములు నోటిని, గొంతును దురదపెట్టును. కావున పేరునుబట్టి గాక, ఆకు నెరిగి వండవలెను. చామయాకు పూర్తిగా మెత్తబడిన పిమ్మటనే రుచిచూడవలెను. పచ్చియాకును పిల్లలనోట పడనీయరాదు.