పక్క తరగతిలో పాఠం

పంతులుగారు పాఠం చెబుతూ ఉండగా మరొక పెద్దమనిషి వచ్చి వెనుక బెంచీలో కూర్చున్నాడంటే అది తనిఖీయేనని మన హైస్కూళ్లలో ఒక పాత భయం ఉన్నది. ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజున గోడలకు పటాలు వేలాడుతాయి, తెలివైన పిల్లలు ముందు వరుసకు వస్తారు. ఆయన జీపు కదలగానే పటాలు మళ్ళీ బీరువాలోకి పోతాయి. ఇందువల్ల ఎవరికి లాభమో మాకు తెలియదు. మేము మనవి చేయదలచినది వేరొక రాకడ: సాటి ఉపాధ్యాయుడు నేర్చుకొనేందుకై పక్క తరగతికి వెళ్ళి కూర్చోవడం.

ఆఫీసులలో ఇది మామూలే. కొత్త గుమాస్తా చేరితే పాత గుమాస్తా పక్కన కుర్చీ వేసి నాలుగు రోజులు కూర్చోబెడతారు. బడిలో మాత్రం అయ్యవారు చేరిన నాటినుండి ఒంటరివాడే. ఎలిమెంటరీ బడిలో ఒకే అయ్యవారు బిడ్డను దినమంతా చూస్తారు. హైస్కూలులో ఐదారుగురు తలా ముక్కాలు గంట చూస్తారు. లెక్కల గంటలో నోరు విప్పని పిల్లవాడు సైన్సు గంటలో చేయెత్తి ప్రశ్నలడుగుతూ ఉంటాడు. ఆ సంగతి లెక్కల మాస్టారికి తెలిసేదెట్లా?

మన హోసూరు, కృష్ణగిరి పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2006 నాటి చట్టంతో తమిళం ఒకటవ తరగతినుండి తప్పనిసరి అయింది. ఏడాదికొక తరగతి చొప్పున పైకి జరిగి 2015-16లో పదవ తరగతిని చేరింది. మినహాయింపు కోరి మైనారిటీ భాషలవారు కోర్టులకెక్కారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పదవ తరగతి పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. కోర్టు మాట ఎట్లా ఉన్నా, తరగతిలో పలక పట్టిన బిడ్డ కష్టం అట్లాగే ఉన్నది.

ఆ కష్టం ఏమిటో చూడండి. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగక్షరాలు నేర్చిన బిడ్డకు తమిళంలో ఒకే అక్షరం ఎదురవుతుంది. మాట మొదట వస్తే అది క. ‘తంగం’లో వచ్చినప్పుడు గ. పలికినట్లే వ్రాయడం అలవాటైన బిడ్డ గ అక్షరానికై వెతుక్కుంటుంది. మనం ‘అమ్మ’ అని వ్రాస్తే రెండవ మకారం ఒత్తై కిందికి దిగుతుంది. తమిళంలో మొదటి దానిపై చుక్క పెట్టి రెండూ పక్కపక్కనే వ్రాస్తారు. తెలుగు లిపి ఎరుగని తమిళ మాస్టారు ఎర్రసిరాతో కొట్టివేస్తారేగాని, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో ఆయనకు అంతుపట్టదు. తెలుగు పంతులుగారి తరగతిలో రెండు గంటలు కూర్చుంటే పట్టుబడుతుంది. అట్లాగే తెలుగు పంతులుగారు ఆయన తరగతికి వెళ్ళాలి.

ఇది జరిగే పనేనా అంటారేమో. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీవారు చుట్టుపక్కల పల్లెబడులకోసం పాఠాలను చిన్న కార్డులుగా విడదీసి నిచ్చెన మెట్లవలె పేర్చారు. ఏ బిడ్డ తన వేగంతో తాను ఎక్కుతుంది. చెన్నై కార్పొరేషను ఉపాధ్యాయులు అక్కడికి వెళ్ళి, చూచి వచ్చి, 2003లో 13 బడులలో మొదలుపెట్టారు. 2007-08కి అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నింటికి ప్రాకింది. తెలుగు పల్లెలో రూపుకట్టిన పద్ధతి తమిళ బిడ్డలకు అందడం మాకు భలే ముచ్చటగా తోస్తుంది.

ఎట్లా చూడాలన్నదానికి జపాను ఉపాధ్యాయుల పద్ధతి మంచిది. కొందరు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు. తక్కినవారు గోడవార నిలిచి పిల్లలనే గమనిస్తారు: ఎవరి కలం ఎక్కడ ఆగింది, ఎవరు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూచారు అని. తరువాత కూర్చుని ఆ పాఠాన్ని దిద్దుకుంటారు. ఇట్లా చేస్తే పంతులుగారికి చిన్నతనం ఉండదు.

చిక్కల్లా ఒక బడికి ఒక్కరే తెలుగు పంతులున్నచోట. ఆయన ఎవరి తరగతికి వెళ్ళగలరు? ముప్ఫై ఏళ్లు చెప్పి రిటైరయితే ఆయన నేర్పంతా ఆయనతోనే ఇంటికి పోతుంది. హోసూరునుండి కృష్ణగిరికి సుమారు 50 కిలోమీటర్లు, బస్సులకు కొదువలేదు. నెలకొక దినం ఇక్కడివారు అక్కడికి, అక్కడివారు ఇక్కడికి వెళ్ళవచ్చు. ఆ దినం వారి తరగతులను సర్దవలసినది హెడ్‌మాస్టరుగారు. బస్సు ఛార్జీలు మన సంఘం భరించగలదు. జూన్‌లో బడులు తెరిచేలోగా పెద్దలు నలుగురు హెడ్‌మాస్టర్లను కలిసి ఈ మాట కదపవలెనని కోరుతున్నాము.