డబ్బిచ్చి కొనే కొసరు: లినక్స్ మీద కొత్త ఆటలు, అదనపు భాగాల లెక్క

2024 అక్టోబరు 31న ‘అపెక్స్ లెజెండ్స్’ అనే ఆన్‌లైన్ ఆట లినక్స్ కంప్యూటర్లకు తలుపులు మూసేసింది. అంతకు ముందు రెండేళ్లకు పైగా ఆ ఆట లినక్స్ మీద చక్కగానే నడిచింది. ఆట ఉచితం. అందులో పాత్రలకు వేసే దుస్తులు, ఆయుధాలకు పూసే రంగులు మాత్రం చాలావరకు డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అలా కొన్నవాళ్ల కంప్యూటర్లు చెడిపోలేదు, ఇంటర్నెట్ ఆగిపోలేదు, ఖాతా రద్దు కాలేదు. కొన్నవన్నీ ఖాతాలో భద్రంగానే ఉన్నాయి. వాటిని వాడుకోవాలంటే మాత్రం విండోస్ ఉన్న మరో కంప్యూటర్ దగ్గరికో, గేమ్ కన్సోల్ దగ్గరికో వెళ్లాలి.

కాలేజీ చదువు కోసం ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని, ఆటల కోసం పక్కనే విండోస్‌నూ ఉంచుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. ఏళ్ల తరబడి లినక్స్ మీదే ఆడుతున్న నన్ను వాళ్లు అడిగేది ఒకటే: ఫలానా కొత్త ఆట లినక్స్ మీద నడుస్తుందా? పదేళ్ల క్రితం అది సరైన ప్రశ్నే. ఇప్పుడు దానికి చాలాసార్లు ‘నడుస్తుంది’ అనే జవాబు వస్తుంది. అడగాల్సింది వేరే ఉంది. ఈ రోజు నడిచే ఆటా, దానికి నేను డబ్బు పెట్టి చేర్చుకునే భాగాలూ వచ్చే ఏడాది కూడా నడుస్తాయా? నడవకుండా ఆపగల అధికారం ఎవరి చేతిలో ఉంది?

కూరగాయల బండి దగ్గర కొసరు అంటే తూకం అయ్యాక ఊరికే వేసే గుప్పెడు. ఆటల పరిశ్రమలో కొసరుకూ ధర ఉంది. అసలు ఆట కొన్నాక విడిగా కొనే ఈ అదనపు భాగాన్ని డీఎల్‌సీ అంటారు. కొత్త ఆటల విషయంలో లినక్స్ వాడేవారి భయం చాలావరకు తీరిపోయిందని, భయపడాల్సింది ఇప్పుడు ఈ కొసరు విషయంలోనేనని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ఆట లోపల జరిగేది కాస్త చూడాలి.

ఆట అంటే ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశాల వరుస. మన ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా ప్రాసెసర్ ఒకటే కాబట్టి లెక్కలు ఎలాగూ జరిగిపోతాయి. తేడా వచ్చేది ఆట మధ్యమధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే పనుల దగ్గర. ఈ ఫైలు తెరువు, ఈ శబ్దం వినిపించు, ఈ త్రిభుజాన్ని తెర మీద గీయి అని ఆట అడుగుతూ ఉంటుంది. 1993లో మొదలైన ‘వైన్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వీటికి విండోస్ బదులు తానే జవాబిస్తుంది. ఎదురుగా ఉన్నది విండోసే అని ఆట అనుకుంటుంది.

చిక్కంతా బొమ్మలు గీయడం దగ్గర వచ్చింది. విండోస్ ఆటల్లో ఎక్కువ భాగం డైరెక్ట్ త్రీడీ అనే పద్ధతిలో గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడతాయి. లినక్స్‌లో అది లేదు. 2016లో వల్కన్ అనే బహిరంగ ప్రమాణం వచ్చాక దారి దొరికింది. ఫిలిప్ రెబోలే అనే ప్రోగ్రామర్ ‘నియర్: ఆటోమాటా’ను లినక్స్ మీద ఆడాలన్న కోరికతో, డైరెక్ట్ త్రీడీ ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే రాయడం మొదలుపెట్టారు. ఒక ఆట మీద ఇష్టం ఇంత దూరం తీసుకొచ్చింది! స్టీమ్ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ దీన్ని వైన్‌తో కలిపి 2018 ఆగస్టులో ‘ప్రోటాన్’ పేరుతో విడుదల చేసింది. అప్పట్లో స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా ఒక శాతం కూడా లేదు. 2025 అక్టోబరులో అది 3 శాతం దాటింది.

ఇక కొత్త విడుదలలు. 2022 ఫిబ్రవరిలో ‘ఎల్డెన్ రింగ్’ వచ్చినప్పుడు విండోస్ మీద అది ఉన్నట్టుండి బిగుసుకుపోతూ నడిచింది. ఇలాంటి తడబాటుకు తరచూ కారణం షేడర్లు. వెలుగునీడలు, రంగులు లెక్కగట్టడానికి గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములివి. ఒక్కో కార్డుకు తగినట్టు వాటిని ముందుగా మార్చుకోవాలి. ఆ పని ఆట మధ్యలో జరిగితే బొమ్మ క్షణం పాటు నిలిచిపోతుంది. లినక్స్‌లో స్టీమ్ దీన్ని వీలైనంతవరకు ఆట తెరవకముందే ముగిస్తుంది. దానికి తోడు ఎల్డెన్ రింగ్ మెమరీని పదేపదే అడిగే తీరుకు వాల్వ్ ఇంజనీర్లు ప్రోటాన్‌లో ఒక సవరణ చేశారు. దాంతో విండోస్ కోసం రాసిన ఆట, లినక్స్‌తో నడిచే స్టీమ్ డెక్ మీద మరింత సాఫీగా నడిచిందని సమీక్షకులు రాశారు. స్టీమ్ డెక్ అమ్మకాలు మొదలైన దేశాల్లో భారత్ లేదు, కానీ ఆ సవరణ మన మామూలు ల్యాప్‌టాప్‌లకూ అందింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సుగుణం అదే.

అయినా విడుదల రోజే కొనమని నేను చెప్పను. వారం ఆగితే ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో తోటి ఆటగాళ్లు తమ గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ వివరాలతో సహా అనుభవాలు రాసి పెడతారు. ఆగలేనివారికి స్టీమ్ నియమం ఒకటి అక్కరకొస్తుంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వాపసు అడగవచ్చు. కొన్ని ఆటలు తెరిచాక తీరిగ్గా షేడర్లు సిద్ధం చేసుకుంటాయి, ఆ సమయం కూడా ఈ 2 గంటల్లోకే వస్తుంది సుమా! మరో ఇబ్బంది డెనువో అనే కాపీరక్షణ. ప్రోటాన్ వెర్షన్ మార్చిన ప్రతిసారీ అది కొత్త కంప్యూటర్ అనుకోవచ్చు. ఏ వెర్షన్‌లో బాగా నడుస్తుందో చూద్దామని ఒకే రోజు నాలుగైదు మార్చి చూస్తే, డబ్బిచ్చి కొన్న ఆటే ఒక రోజు పాటు తాళం వేసుకుని కూర్చుంటుంది. పరీక్షించి చూడడం లినక్స్ వాడేవారి అలవాటు, ఆ అలవాటుకే ఈ శిక్ష.

ఇప్పుడు కొసరు. 2006 ఏప్రిల్‌లో బెథెస్డా సంస్థ ‘ఆబ్లివియన్’ ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని అమ్మకానికి పెట్టింది. ఎక్స్‌బాక్స్ 360 మీద దాని ధర రెండున్నర డాలర్లు. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు ఉచిత ఆన్‌లైన్ ఆటల్లో చాలావాటికి ఆదాయం అలాంటి అలంకారాల నుంచే వస్తోంది. దీనికి పూర్తి భిన్నమైనవి కథను పొడిగించే పెద్ద భాగాలు. ‘విచర్ 3’కి 2015లో వచ్చిన ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’ ధర సుమారు 10 డాలర్లు, 2016లో వచ్చిన ‘బ్లడ్ అండ్ వైన్’ 20. 2023లో ‘సైబర్‌పంక్ 2077’కు వచ్చిన ‘ఫాంటమ్ లిబర్టీ’ 30, 2024లో ఎల్డెన్ రింగ్‌కు వచ్చిన ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’ 40. ధర ఎటు పోతోందో కనబడుతూనే ఉంది. అయినా ఈ నాలుగూ ఒక్కో ఆటకు సరిపడేంత సరుకున్నవే. వీటికి డబ్బు పెట్టినందుకు నాకు ఏ బాధా లేదు.

లినక్స్ వైపు నుంచి చూస్తే ఈ నాలుగింటికీ ఒక పోలిక ఉంది. ఇవన్నీ విండోస్ ఆటలకు చేరిన భాగాలే. అసలు ఆట ప్రోటాన్ మీద నడుస్తుంటే, కొసరు అదే ప్రోగ్రాము చదివే మరికొన్ని ఫైళ్లు, అంతే. దానికోసం లినక్స్‌లో ఎవరూ ప్రత్యేకంగా పని చేయనక్కర్లేదు. లినక్స్ కోసమే తయారుచేసిన వెర్షన్‌కు ఈ సౌకర్యం లేదు. ‘బోర్డర్‌ల్యాండ్స్ 2’ను ఆస్పైర్ అనే సంస్థ 2014లో లినక్స్‌కు తెచ్చింది. 2019లో ఆ ఆటకు కొత్త కథాభాగం వచ్చింది. విండోస్ మీద వచ్చింది కానీ లినక్స్ వెర్షన్‌కు రాలేదు. మొదట చేసినవారు మళ్లీ కూర్చుని పని చేస్తే తప్ప రాదు, అయిదేళ్ల నాటి లినక్స్ వెర్షన్ మీద ఆ ఖర్చు ఎవరు పెడతారు? ఆ భాగం కావాలనుకున్నవారు లినక్స్ వెర్షన్ పక్కన పెట్టి, విండోస్ వెర్షన్‌నే ప్రోటాన్ మీద నడుపుకున్నారు. సొంత ఇంటి కన్నా అద్దె ఇల్లే నయమైన సందర్భం ఇది. లినక్స్ గుర్తు చూసి మురిసిపోయే మిత్రులు ఒప్పుకోకపోవచ్చు గానీ, కొసరు కొనేవారికి ఈ తేడా ముఖ్యం.

పారడాక్స్ సంస్థ ఆటలు దీనికి మినహాయింపు. ‘యూరోపా యూనివర్సాలిస్ 4’, ‘స్టెల్లారిస్’ లాంటివి లినక్స్ మీద సొంతంగానే నడుస్తాయి, అదనపు భాగాలూ వస్తాయి. అక్కడ సమస్య వాటి సంఖ్య. ఏళ్ల తరబడి వచ్చిన భాగాలన్నీ కలిపితే అసలు ధరను ఎన్నో రెట్లు దాటిపోతుంది. 2021లో ఆ సంస్థే యూరోపా 4 భాగాలన్నిటినీ నెలవారీ చందా మీద ఇవ్వడం మొదలుపెట్టింది. నలుగురు స్నేహితులు కలిసి ఆడేటప్పుడు ఆటను నడిపే ఒక్కరి దగ్గర ఆ భాగాలుంటే చాలు. చందాలు వేసుకుని ఒక్కరి చేత కొనిపించడం మన హాస్టళ్లకు చెప్పాలా?

ఆన్‌లైన్ పోటీ ఆటల దగ్గర కథ మారిపోతుంది. మోసం చేసేవారిని పట్టడానికి ఈ ఆటలు విండోస్ కెర్నెల్‌లోకి, అంటే వ్యవస్థ గుండెలోకి, ఒక కాపలా ప్రోగ్రామును దించుతాయి. వైన్ కింద విండోస్ కెర్నెల్ ఉండదు కాబట్టి ఆ కాపలాకు నిలబడే చోటుండదు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ అనే రెండు ప్రముఖ కాపలా ప్రోగ్రాములు 2021లో ప్రోటాన్‌కు మార్గం ఇచ్చాయి. ఆ మార్గం తెరవాలా వద్దా అన్నది మాత్రం ఆట తయారీదారు ఇష్టం. 2024 సెప్టెంబరులో ‘జీటీఏ ఆన్‌లైన్’కు బ్యాటిల్ ఐ చేర్చిన రాక్‌స్టార్ ఆ మార్గం తెరవలేదు. లినక్స్ మీద జీటీఏ 5 కథ ఆడుకోవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి కొన్న కార్లు, ఇళ్లు మాత్రం అందవు.

తయారీదారుల వాదనలో నిజం లేకపోలేదు. లినక్స్ కెర్నెల్‌ను ఎవరైనా మార్చుకోవచ్చు, మార్చిన సంగతి కాపలాకు తెలియకుండా దాచనూ వచ్చు. లినక్స్ మోసాలకు దారిగా మారిందని అపెక్స్ తయారీదారులు చెప్పింది ఉత్త సాకు అని నేననుకోవడం లేదు. నా అభ్యంతరం డబ్బు విషయంలో. ‘రాకెట్ లీగ్’ 2020 మార్చిలో మ్యాక్, లినక్స్ రెండిటినీ వదిలేసినప్పుడు, ఆ రెండూ కలిపి ఆడేవారిలో 0.3 శాతం కన్నా తక్కువని సంస్థ చెప్పింది. వదిలేసింది, ఆట డబ్బు కూడా వాపసు ఇస్తామంది. పద్ధతి అంటే అదీ. నియమం మార్చే హక్కు అమ్మినవారికి ఉంటే, మారిన నియమం వల్ల పనికిరాకుండా పోయిన కొసరు డబ్బు అడిగే హక్కు కొన్నవారికి ఉండొద్దా?

చట్టం ఈ దిశలో ఒక చిన్న అడుగే వేసింది. డిజిటల్ సరుకు అమ్మేవారు తాము ఇచ్చేది యాజమాన్యం కాదని, వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పాలని అమెరికాలోని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. అదే ఏడాది నుంచి స్టీమ్ బిల్లు చెల్లించే పేజీలో ఆ మాట కనిపిస్తోంది. నిజం చెప్పడం మంచిదే, దానివల్ల ధర మాత్రం తగ్గలేదు.

అందుకే నా ఖర్చు రెండు రకాలకే పరిమితం. సర్వర్ అనుమతి లేకుండా ఒంటరిగా ఆడుకునే ఆటలకు, వాటి కథను పొడిగించే భాగాలకు డబ్బు పెడతాను. సర్వర్ మీద ఉండే దుస్తులకు, రంగులకు ఒక్క రూపాయి పెట్టను. వీలున్నచోట గాగ్ అనే దుకాణంలో కొంటాను. ఆ దుకాణం తన గెలాక్సీ ప్రోగ్రామును లినక్స్‌కు ఇవ్వలేదు, అది చికాకే. కానీ అసలు ఆటకూ, ప్రతి అదనపు భాగానికీ విడివిడిగా ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఇస్తుంది, వాటికి తాళాలుండవు. విచర్ 3, దాని రెండు కొసర్లు నా బీరువాలోని పాత హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఇంటర్నెట్ తీసేసి కూడా వైన్‌తో వాటిని ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.