కారు డోర్ అద్దం: ఎప్పుడు ఉంచాలి, ఎప్పుడు మార్చాలి?

నకరికల్లు నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల లారీల మోత వినపడుతుంటే ఏమీ అనుకోకండి, మన షెడ్డు అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు పక్కనే. పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి వైపు నుంచి నాపరాళ్లు, సిమెంటు... పగలూ రాత్రీ బళ్లు ఆగవు. ఆ టైర్ల కింద నుంచి లేచే కంకర రాళ్ల పుణ్యమా అని నాకు పనీ ఆగదు.

పోయిన ఎపిసోడ్‌లో ముందు అద్దం గురించి చెప్పుకున్నాం. చాలామంది అడిగారు, "అన్నా, డోర్ అద్దానికి చిన్న దెబ్బ తగిలింది, ముందు అద్దానికి వేసినట్టే గమ్ము వేసి సరిచేయొచ్చా, లేక మార్చాలా?" అని. ఈరోజు దానికే సమాధానం. దాని కంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది మీకు ఎందుకు చెప్తున్నానో అర్థం కాదు.

కొన్నేళ్ల కిందట, మంచి ఎండాకాలం. నరసరావుపేట నుంచి మా వైపు స్కూలుకి వచ్చే ఒక టీచరమ్మ గారు కారు తీసుకొచ్చారు. వెనక ఎడమ డోర్ అద్దం, పై అంచు మీద బియ్యపు గింజంత పెచ్చు లేచిపోయింది. మిరపకాయల బస్తాలు ఎక్కించేటప్పుడు ఎవరిదో ఇనప కొక్కెం తగిలిందట. "ఏమైనా అవుతుందా అండీ?" అని అడిగారు. నేను చేత్తో అలా తడిమి, "ఏం కాదు మేడం, చిన్నదేగా, ఇంకో రెండేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నా.

పదకొండో రోజు. అడ్డరోడ్డు దగ్గర కారు ఆపారు. ఆమె దిగి తన డోరు వేశారు, అంతే. వెనక అద్దం మొత్తం టప్పున పేలింది. ఆ పక్కనే ఆరేళ్ల వాళ్ల బాబు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో, జుట్టులో, చొక్కాలో అంతా గాజు ముక్కలు. ఒకటి కంట్లో పడింది. పేట తీసుకెళ్లి డాక్టరుకి చూపించారు. దేవుడి దయ వల్ల గుడ్డుకి ఏమీ కాలేదు, రెప్ప మీద రెండు గీతలు పడ్డాయి, అంతే.

మర్నాడు ఆమె షెడ్డుకి వచ్చారు. నన్ను తిడతారనుకున్నా. తిట్టలేదు. "ఏం కాదని తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తెలియకే చెప్పా. అప్పటికే ఎన్నో ఏళ్లుగా అద్దాలు బిగిస్తున్నా, కానీ అద్దం అంటే ఏంటో తెలియకుండానే బిగిస్తున్నా. ఆ తర్వాత నేర్చుకున్నది ఇప్పుడు మీకు చెప్తా.

రెండూ గాజే, కానీ ఒకటి కాదు

ముందు అద్దం రెండు పలచని గాజు పలకలు. మధ్యలో సాగే ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే రాయి తగిలితే సాలెగూడులా పగుళ్లు వస్తాయి గానీ ఊడి మీద పడదు. దీన్ని లామినేటెడ్ అంటారు. పైపొరలో చిన్న దెబ్బ ఉంటే రెసిన్ నింపి సరిచేయొచ్చు.

డోర్ అద్దం, మన దగ్గర తిరిగే చాలా కార్లలో, ఒకటే పలక. దీన్ని టెంపర్డ్ అంటారు. గాజుని ముందే కొలతకి కోసి, అంచులు నున్నగా చేసి, 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఆ వెంటనే రెండు వైపులా చల్లగాలి గట్టిగా కొడతారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది. లోపలి భాగం తర్వాత చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది, పైపొర ముడుచుకోనివ్వదు. దాంతో పైన అంతా నొక్కుకుని, లోపల అంతా లాక్కుని ఉండిపోతుంది. ఆ బిగువే దాని బలం. 1874లోనే ఫ్రాన్సులో ద లా బాస్తీ అనే ఆయన వేడి గాజుని నూనెలో ముంచి ఈ పని చేసి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు నూనె బదులు గాలి.

నులక మంచం తెలుసు కదా. నులక బిగువుగా ఉన్నంతసేపు పదిమంది కూర్చున్నా ఆగుతుంది. ఒక్కచోట పుటుక్కున తెగితే? అక్కడ ఒక్కచోటే కాదు, మంచం అంతా వదులైపోతుంది. టెంపర్డ్ గాజు అలాంటిదే. ఒక మూల పగిలిందంటే మొత్తం పగిలినట్టే. సగం పగిలిన డోర్ అద్దం మీకు ఎక్కడా కనపడదు. ఉంటే ఉంటుంది, లేకపోతే బఠాణీ గింజలంత ముక్కలై కుప్ప పోస్తుంది. అలా ముక్కలయ్యేట్టు చేయడం కూడా కావాలనే. మామూలు గాజు అయితే కత్తుల్లాంటి పెద్ద పెంకులు వస్తాయి, మెడలు తెగుతాయి. ఇవి అంత ప్రమాదం కాదు. కానీ కంటికి మాత్రం ఇవీ ప్రమాదమే.

మరి పెచ్చు లేచిన రోజే ఎందుకు పగల్లేదు? ఆ నొక్కుకుని ఉన్న పైపొర మందం మొత్తం గాజులో ఒక్కోవైపు సుమారు అయిదో వంతు ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల గాజులో అది ఒక మిల్లీమీటరు కూడా లేదు. దెబ్బ ఆ పొరలోనే ఆగిందా, అద్దం నిలబడుతుంది. తర్వాత డోరు గట్టిగా వేసినప్పుడల్లా, గతుకుల్లో పడినప్పుడల్లా ఆ గీటు కొంచెం కొంచెం లోపలికి పోతుంది. లోపలి పొర తాకిన క్షణం అయిపోయినట్టే. టీచరమ్మ గారి కారులో జరిగింది ఇదే. ఎండ ఒక్కటే మంచి గాజుని పగలగొట్టదండీ. దెబ్బ ముందే ఉంటుంది, ఎండా కుదుపూ దాన్ని పూర్తి చేస్తాయి.

ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

ఒకటి. అద్దాన్ని సగం దించండి. పూర్తిగా ఎత్తి ఉంటే అంచు రబ్బరులో దాక్కుని కనపడదు. సగం దించితే పై అంచు బయటికి వస్తుంది. టార్చిలైటు వేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడండి. వేలితో రాయొద్దు, తెగుతుంది. అంచు మీద గానీ మూలల్లో గానీ ఎంత చిన్న పెచ్చు లేచినా, మార్చేయండి. ఇందులో రెండో మాట లేదు. మార్చేదాకా ఆ సీటులో పిల్లల్ని కూర్చోబెట్టకండి.

రెండు. అద్దం మధ్యలో గీతలు. నిలువుగా సన్నటి గీతలుంటే అది దుమ్ము పని. మన రోడ్డు సున్నపు దుమ్ము, రాతి దుమ్ము డోరు మీద ఉండే ఫెల్ట్ పట్టీలో చేరి, అద్దం దిగినప్పుడల్లా గరుకు కాగితంలా రాస్తుంది. గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు తగలకపోతే భయం లేదు, పట్టీ శుభ్రం చేయించండి, లేదా పట్టీ ఒక్కటే మార్పించండి. గోరు ఆగిందంటే గీత లోతుగా ఉన్నట్టు. అది మార్చే లెక్కలోకే వస్తుంది.

మూడు. రాత్రిపూట చూపు. డ్రైవరు పక్క అద్దంలోంచి సైడు మిర్రరు చూసినప్పుడు, వెనక లారీ లైటు గీతల మీద పడి చెదిరిపోయి బండి ఎంత దూరంలో ఉందో తెలియడం లేదంటే, గోరు తగలకపోయినా మార్చాల్సిందే. ఈ రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

నాలుగు. అద్దం బాగానే ఉంది, కానీ పైకి రావడం లేదు, లేదా వంకరగా వస్తుంది, గడగడలాడుతుంది. ఇక్కడ అద్దం మార్చొద్దు! తప్పు లోపల అద్దాన్ని లాగే రెగ్యులేటర్‌ది, లేదా అద్దాన్ని పట్టుకునే క్లిప్పుది, లేదా పక్క రబ్బరుది. అద్దం మార్చాలని ఎవరైనా అంటే, డోరు విప్పి చూపించమని అడగండి. అలాగే బుడగలు, ఊదారంగు మరకలు కనపడితే అవి పాత ఫిల్మువి, గాజువి కావు.

కొన్ని ఖరీదైన కార్లలో డోర్ అద్దాలు కూడా లామినేటెడ్ వస్తున్నాయి. అద్దం కింది మూలలో ముద్ర ఉంటుంది, అక్కడ రాసి ఉంటుంది. వాటికి పగులు వస్తే పేలదు, గీతలా నిలుస్తుంది. అయినా మార్చడమే మంచిది, పైకీ కిందకీ తిరిగే అద్దం కాబట్టి పగులు పెరుగుతూనే ఉంటుంది.

పగిలిపోయాక, షెడ్డుకి వచ్చేలోపు

ముందు స్విచ్ ముట్టుకోవద్దు. డోరు లోపల ముక్కలుంటాయి, మోటారు తిప్పితే అవి తీగల్లో ఇరుక్కుని అద్దంతో పాటు రెగ్యులేటర్ కూడా పోతుంది. ఫోటోలు తీసుకోండి. ఎవరైనా పగలగొట్టి వస్తువులు ఎత్తుకుపోయి ఉంటే పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి, ఇన్సూరెన్సుకి అది కావాలి. సీటు మీద ముక్కల్ని గుడ్డతో తుడవొద్దు, బట్టలోకి గుచ్చుకుంటాయి. వాక్యూమ్ పెట్టించండి. మందపాటి ప్లాస్టిక్ కవరు కట్టండి, కానీ ఎండలో టేపు పెయింటు మీద అంటించొద్దు, ఊడదీసేటప్పుడు పెయింటు వస్తుంది. డోరు ఫ్రేము లోపలి వైపు అంటించండి. డ్రైవరు డోరు అయితే కవరు కట్టుకుని నడపొద్దు, మిర్రరు కనపడదు.

మార్పించేటప్పుడు అడగాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం ఇది. టెంపర్డ్ గాజుని తయారయ్యాక కోయలేం. కోయబోతే అక్కడికక్కడే పేలిపోతుంది. కాబట్టి ఎవరైనా "పాత జీపే కదా, ఇక్కడే కొలతకి కోసి వేస్తా" అన్నారంటే, అది కిటికీలకి వేసే మామూలు గాజు అని అర్థం. తక్కువకే వస్తుంది. గుద్దుకున్న రోజు ప్రాణం తీస్తుంది. కొత్త అద్దం మూలలో ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు ఉన్నాయో లేదో బిగించక ముందే చూడండి.

ఇంకో సంగతి. మన పక్కనే సాగర్ కుడి కాలువ ఉంది. కారు నీళ్లలో పడితే బయటికి రావడానికి దారి ఆ డోర్ అద్దమే. టెంపర్డ్ అయితే మొనదేలిన చిన్న సుత్తితో మూలలో ఒక్క దెబ్బ కొడితే మొత్తం రాలిపోతుంది. లామినేటెడ్ అయితే రాలదు. మీ కారుకి ఏది ఉందో ఈరోజే చూసి పెట్టుకోండి.

కొత్త అద్దానికి నల్ల ఫిల్ము వేయమని అడుగుతారు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ప్రకారం పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలి, ముందు, వెనక అద్దాలకి 70 శాతం. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012లోనే గట్టిగా చెప్పింది. నేను వేయను, అడగొద్దు.

పని అయ్యాక డోరు అడుగున గాజు ముక్కలు పూర్తిగా తీశారా, నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోలేదా, డోరు లోపల ఉండే ప్లాస్టిక్ షీటు మళ్లీ అంటించారా అని అడగండి. షీటు వదిలేస్తే మొదటి వానకే నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయి. అద్దాన్ని మూడుసార్లు ఎత్తి దించి చూసుకుని, అప్పుడు డబ్బులివ్వండి.

ఇన్సూరెన్సు వాడాలా?

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ అద్దానికి పైసా రాదు. ఫుల్ పాలసీ ఉంటే గాజుకి తరుగు కొయ్యరు, అది మంచి విషయం. కానీ లెక్క వేసుకోండి. ఉదాహరణకి అద్దం బిల్లు 2,500 అనుకుందాం. 1,500 సీసీ లోపు కారుకి మీరు తప్పనిసరిగా పెట్టుకోవాల్సింది 1,000. అంటే చేతికి వచ్చేది 1,500. ఇప్పుడు మీకు నో క్లెయిమ్ బోనస్ 25 శాతం ఉంటే, క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడాది 35 అవుతుంది. సొంత డ్యామేజీ ప్రీమియం 8,000 అయితే 2,800 తగ్గుతుంది. క్లెయిమ్ చేస్తే అది సున్నా. పదిహేను వందల కోసం ఇరవై ఎనిమిది వందలు పోతాయి. బోనస్ కాపాడే యాడ్ ఆన్ ఉంటే లెక్క వేరు, పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి. అద్దం ఒక్కటే పోతే చాలాసార్లు చేతి నుంచి పెట్టుకోవడమే లాభం.

చివరగా. ఆ టీచరమ్మ గారు ఇప్పటికీ మన షెడ్డుకే వస్తారు. బాబు పెద్దవాడయ్యాడు, రెప్ప మీద గీత దగ్గరికెళ్లి చూస్తే తప్ప కనపడదు. నాకు మాత్రం వాణ్ణి చూసిన ప్రతిసారీ కనపడుతుంది. ఆ రోజు నుంచి ఎవరు అద్దం చూపించినా ముందు సగం దించి, టార్చి వేసి, అంచు చూసి, ఆ తర్వాతే నోరు తెరుస్తున్నా. తెలియకపోతే తెలియదని చెప్తున్నా.

ఈ సాయంత్రం కారు దగ్గరికి వెళ్లి నాలుగు అద్దాలూ సగం దించి చూడండి. అయిదు నిమిషాల పని. వచ్చే ఎపిసోడ్‌లో వైపర్ల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్కారం.