బ్రహ్మరాక్షస శబ్దము – మాలదాసరి కథ

తన రాక్షసత్వమును దానే యొల్లని రాక్షసుని కథ మనవారికిఁ గ్రొత్తది గాదు. పాశ్చాత్యదేశములలో మనుష్యరక్తము ద్రావి బ్రదుకు ప్రేతముల కథలు ప్రబలి, నేఁడు చదివి వినిపించు శ్రవణగ్రంథములుగాఁ గూడ వెలువడుచున్నవి. 1897 లో బ్రాం స్టోకరు ప్రకటించిన ‘డ్రాక్యులా’ యందలి ప్రభువునకుఁ బశ్చాత్తాపము గానరాదు. 1976 లో ఆన్ రైస్ ప్రకటించిన ‘ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్’ లోని లూయీ యన్ననో, తనకుఁ గలిగిన యా జన్మమును రోసి, తన చరిత్రమును టేపురికార్డరు ముందుంచుకొన్న యొక యువకునకుఁ జెప్పుకొనును. ఇట్టి భావన పరదేశపు సొత్తని తలంచువా రాముక్తమాల్యద షష్ఠాశ్వాసమును మఱల నొకసారి చూడఁదగును.

శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) ఈ కావ్యమును శ్రీవేంకటేశ్వరున కంకితము చేసెను. తిరుమల యాలయమున దేవేరులతోఁ గూడిన యాయన ప్రతిమ నేఁటికిని నిలిచియున్నది. ఇందలి మాలదాసరి కథకు మూలము వరాహపురాణమునందలి కైశికమాహాత్మ్యము. వరాహస్వామి భూదేవికిఁ జెప్పినది. అంత్యజుఁడైన భక్తుఁ డొకఁడు కురుంగుడి స్వామిని గానముతో సేవింపఁబోవుచు దారిలో బ్రహ్మరాక్షసునకుఁ జిక్కును. సేవ ముగించి మరలివత్తునని ప్రతిజ్ఞ చేసి పోయి, చెప్పినట్లే వచ్చి దేహము నర్పించును. అప్పుడు రాక్షసుఁడు మాంసము నొల్లక గానఫలము నిమ్మని వేఁడును. పురాణమున వాఁడు మొదట రాత్రి పాడిన ఫలమంతయు, పిదప నొక జాము ఫలము, తుద కొక్క గీతఫలము నడుగును. రాయల కావ్యమున వీని పేరు కుంభజానువు. పూర్వజన్మమున సోమశర్మ యను విప్రుఁడు.

ఇఁక శబ్దవిచారము. రక్షస్సే రాక్షసుఁడు, ఇచట స్వార్థమున నణ్ప్రత్యయము. దేనినుండి రక్షించుకొనవలయునో యది రక్షస్సని నైరుక్తుల వ్యుత్పత్తి. బ్రహ్మరాక్షస శబ్దమునఁ బూర్వపదము బ్రాహ్మణవాచకము. షష్ఠీతత్పురుషముగాఁ గొన్నచో బ్రాహ్మణునకు సంబంధించిన రాక్షసుఁ డనియే యర్థము వచ్చును. అది కథకుఁ బొసఁగదు. కర్మధారయముగాఁ గొన్నచో బ్రాహ్మణుఁడును రాక్షసుఁడును నొక్కఁడే. రెండు పదములు నొకే వ్యక్తియందు నిలుచును గాని యొకటి మఱియొకదానిని సహింపదు. ఆ యసహనమే వాని వేదన. తనలోని రక్షస్సునుండి తన్నుఁ దానే కాచుకొనవలసినవాఁ డయ్యెను.

ఈ పాటు వాని కేల గలిగెను? మంత్రస్వరములు తప్పించి యజ్ఞము చేసితినని పురాణమున వాఁడే చెప్పుకొనును. స్వరదోష మెంతపని చేయునో ‘ఇంద్రశత్రు’ పదమే మనకుఁ దెలుపును. త్వష్ట యింద్రుని జంపువాఁడు పుట్టవలెనని కోరెను; అందులకుఁ దత్పురుషమునకుఁ దగిన యంతోదాత్తము వలయును. పలికినది బహువ్రీహికిఁ జెల్లు నాద్యుదాత్తము. అందుచే నింద్రుఁడే హంతగాఁ గల వృత్రుఁడు పుట్టెను. సోమశర్మ పతనమునకు స్వరము తప్పుట యొక కారణము. వాని విముక్తికి స్వరమే సాధనము. అయితే యది వేదాధికారముగల వానినుండి రాలేదు. గుడి వెలుపల నిలిచి పాడు నంత్యజుని కైశికగీతమునుండి వచ్చెను. కథలోని బలమంతయు నిచటనే యున్నది.

తిరుమలలోఁ గార్తిక శుద్ధ ద్వాదశినాఁడు, సూర్యోదయమునకు ముందే, ఉగ్రశ్రీనివాసమూర్తి వీథులలో నూరేఁగును. ఆ మూర్తికి సంవత్సరమున నూరేఁగింపు నాఁ డొక్కనాఁడే. పిదప నాస్థానమునఁ గైశికపురాణము పఠింపఁబడును. ఆ కథ యిట్లు చెవికే యుద్దేశింపఁబడినది. ఉపాధ్యాయులు దీనిని భక్తిమాహాత్మ్యముగా మాత్రమే చెప్పి విడువక, రాక్షసుని వేఁడికోలును గూడ గొంతెత్తి చదివి బాలురకు వినిపింపవలయును. అప్పుడుగాని బ్రహ్మరాక్షస శబ్దములోని పూర్వపద మింకను సజీవముగా నున్నదని వారికి బోధపడదు.