అనుద్యూతానికి పిలుపు

మహాభారతం సభాపర్వంలో జూదం ఒక్కసారి కాదు, రెండుసార్లు జరిగినది. మొదటి ద్యూతంలో సర్వస్వమూ ఓడిన ధర్మరాజుకు ధృతరాష్ట్రుడు రాజ్యాన్నీ స్వాతంత్ర్యాన్నీ తిరిగి ఇచ్చి ఇంద్రప్రస్థానికి సాగనంపినాడు. కథ అక్కడితో ముగిసి ఉంటే అరణ్యవాసమూ లేదు, అజ్ఞాతవాసమూ లేదు. కాని ఇల్లు చేరకముందే, నడిదారిలో, ప్రాతికామి వచ్చి మరల ఆటకు పిలిచినాడు. ఆ పాచికలు ఎటువంటివో, ఆడించే శకుని ఎటువంటివాడో ధర్మరాజుకు తెలియనిది కాదు. అయినను, పిలిచినవారు పెద్దలు, పిలిచినప్పుడు కాదనుట మర్యాద కాదు అనుకొని వెనుదిరిగినాడు. మొదటి ఆటలో ఓడినందుకు ఆయనను క్షమించగల పాఠకుడు కూడా ఈ అనుద్యూత ఘట్టం దగ్గర ఒక్క క్షణం ఆగి నిట్టూరుస్తాడు.

మత్తుపదార్థాల వ్యసనం నుండి బయటపడిన యువకుని జీవితంలోనూ ఈ ఘట్టం తప్పక వస్తుంది. వైద్యుడు మందులిచ్చినాడు, తల్లిదండ్రులు కంటికి రెప్పవలె కాచినారు, శరీరం కుదుటపడినది. ఇంటికి వచ్చిన పది రోజులకు, నిన్నటివరకు గంజాయి పొట్లం అందించిన చెయ్యి ఫోను చేస్తుంది. "ఏంరా, ఈ నడుమ కానొస్తలేవు?" అంటుంది. ఆ పలకరింపులో బెదిరింపు లేదు, చనువు ఉన్నది. ప్రమాదమంతా ఆ చనువులోనే ఉన్నది.

మత్తు మానుట ఒక పని. మత్తు ఇచ్చినవానితో తెగదెంపులు చేసుకొనుట మరొక పని. మొదటిదానికి వైద్యశాస్త్రం తోడున్నది. రెండవదానిని మనము ఆ పిల్లవాని మనోబలానికే విడిచిపెట్టుచున్నాము. ఓడిపోయినప్పుడు, "వానికి పట్టుదల లేదు" అని తీర్పు చెప్పుచున్నాము. ఈ తీర్పు న్యాయమైనదేనా అని ఉపాధ్యాయులు, విద్యార్థులు ఆలోచించవలసి ఉన్నది.

ఈ ప్రశ్న వరంగల్లుకు దూరపుది కాదు. 1959లో ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు, కాకతీయ వైద్య కళాశాలయు వెలసినవి. మొదటిది నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడినది. పల్లెల నుండి, తండాల నుండి వచ్చి హనుమకొండ అద్దెగదులలోను, వసతిగృహాలలోను తలదాచుకొని చదువుకొనే పిల్లలతో ఈ నగరం ఏడాది పొడుగునా కళకళలాడుతుంది. ప్రక్కనే కాజీపేట పెద్ద రైల్వే కూడలి. విశాఖ మన్యంలోను, ఒడిశా సరిహద్దు కొండలలోను పండిన గంజాయి భద్రాచలం, ఖమ్మం మీదుగా ఈ దారులవెంట తరలుతున్నదని పోలీసు కేసులు పదేపదే చూపుతున్నవి. చెడుగు ఏ ఒక్క విద్యాసంస్థదీ కాదు. యౌవనము, ఒంటరితనము, రవాణా మార్గము ఒకచోట కలిసిన ప్రతి నగరానికీ ఈ బెడద ఉన్నది.

సరకు అమ్మేవాడు అనగానే మన మనస్సులో చలనచిత్రాల ప్రతినాయకుడు మెదలుతాడు. నల్లకళ్ళద్దాలు, చేతిలో ఆయుధం! వాస్తవంలో విద్యార్థికి మొదటి పొట్లం అందించేవాడు తరచుగా ప్రక్క గదివాడే; ఒక తరగతి పైన చదువుతున్న అన్న, లేక చిన్ననాటి మిత్రుడు. వాడే వ్యసనపరుడు, తన ఖర్చు వెళ్ళదీసుకొనుటకై పదిమందికి పంచిపెట్టుచున్నవాడు. అందువలన వానితో బంధం కేవలం బేరసారాల బంధం కాదు. అది మూడు పోగులతో పేనిన త్రాడు.

మొదటి పోగు బాకీ. ఇది డబ్బు ఇచ్చి వదిలించుకొన్నట్లే కనిపిస్తుంది గాని, బాకీ తీర్చుటకు వెళ్ళినవాడు చేతిలో మరొక పొట్లంతో తిరిగివస్తాడు. రెండవ పోగు స్నేహధర్మం. కష్టకాలంలో ఆదుకొన్నవానిని విడిచిపోవుట ద్రోహమనే భావం మన సంస్కారంలో లోతుగా ఉన్నది. కర్ణుడు దుర్యోధనుని విడువలేకపోయినది అవివేకం వలన కాదు, కృతజ్ఞత వలన. ఎవరూ పలకరించని రోజులలో పలకరించినవాడు వీడొక్కడేనని ఆ పిల్లవాడు అనుకొనుటలో కొంత నిజం కూడా ఉండవచ్చును. మూడవ పోగు తీరిక. మత్తు మానినవానికి సాయంకాలాలు ఒక్కసారిగా ఖాళీ అయిపోతవి. పాత జట్టు పోయినది, కొత్త జట్టు రాలేదు. ఆ శూన్యం నింపుటకు ఎవడు వస్తాడో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ బంధం ఊహాజనితం కాదు. దీనికి శరీరధర్మంలోనే పునాది ఉన్నది. 1904లో నోబెల్ బహుమానం అందుకొన్న రష్యను శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ ప్రయోగశాలలో, ఆహారం కంటబడకముందే, దానిని తెచ్చే మనిషి రాకను పసిగట్టి కుక్కలు చొంగ కార్చేవి. మానవుని మెదడు కూడ ఈ విషయంలో భిన్నమైనది కాదు. మత్తుతో ముడిపడిన సందు మలుపు, టీకొట్టు, ఫోనులో మెరిసే పేరు, ఇవన్నియు నెలల తరువాత కూడా ఆశను రేపగలవు. వాటిలో అత్యంత బలమైన గుర్తు, సరకు ఇచ్చిన మనిషే.

దీనికి తారుమారైన ఉదాహరణ వియత్నాం యుద్ధంలో దొరికినది. అక్కడ హెరాయిన్‌కు బానిసలైన అమెరికను సైనికులు 1971లో స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత ఏమైనారని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించినది. దేశమంతా భయపడినట్లు జరుగలేదు. తిరిగివచ్చిన మొదటి సంవత్సరంలో మరల బానిసలైనవారు నూటికి సుమారు 5గురు మాత్రమే. యుద్ధభూమి వెనుకబడినది, సరకు ఇచ్చే చేతులు వెనుకబడినవి, ఇల్లు, వాకిలి, వేరొక జీవితం ఎదురైనవి. కాని మన పిల్లవానికి సముద్రం దాటే అవకాశం లేదు. అదే వీధి, అదే బస్సుస్టాండు, అదే తరగతి గది. కాబట్టి ఉన్నచోటనే పరిసరాలను మార్చవలె.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అన్ని మత్తులను ఇంటివద్ద ఒక్కసారిగా మాన్పించరాదు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందలమంది వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలైనారు. తాము కల్లు తాగుతున్నామనుకొన్నవారు నిజానికి అందులో కలిపిన ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేటు వంటి మందులకు బానిసలైనారు. ఇటువంటి మత్తును వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించవలెనే గాని, హఠాత్తుగా మానుట ప్రాణాపాయం. శరీరం సంగతి వైద్యునికి అప్పగించిన పిమ్మట, బంధం సంగతి మనము చూడవలె.

ఈ బంధం తెంచుటకు అనుభవజ్ఞులు చెప్పే పద్ధతి కఠినమైనదే గాని కష్టమైనది కాదు. వీడ్కోలు చెప్పుటకు వెళ్ళరాదు. "ఒక్కసారి ముఖాముఖి చెప్పి వస్తాను" అన్నది మొదటి ఉచ్చు. "వానిని కూడా మంచిదారికి తెస్తాను" అన్నది రెండవ ఉచ్చు. ఈతరాని వాడు మునుగుచున్నవానిని ఒడ్డుకు చేర్చజాలడు. ఫోను సంఖ్య మార్చి, పాత పేర్లు తుడిచివేసి, పాత వాట్సాప్ బృందాల నుండి తొలగవలె. దారి మార్చవలె, పది నిముషాలు ఆలస్యమైనా మరొక వీధి పట్టి నడువవలె. ఎదురుపడితే చెప్పవలసిన మాట ముందే సిద్ధంగా ఉండవలె. "మానేసిన, ఇంక నాకు ఫోను చెయ్యకు" అన్నది చాలును. కారణాలు చెప్పనక్కరలేదు, కారణం చెప్పినచోట వాదం పుట్టును, వాదం పుట్టినచోట బేరం పుట్టును. ఎదురుపడిన సంగతి ఆ రోజే ఇంటిలోనో, నమ్మకమైన ఉపాధ్యాయునితోనో చెప్పవలె. రహస్యంగా ఉంచిన పలకరింపు రెండవ పలకరింపుకు దారితీయును.

బాకీ సంగతి చట్టం దృష్టిలో స్పష్టంగానే ఉన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను ప్రకారం చట్టవిరుద్ధమైన సరకుకై చేసుకొన్న ఒప్పందం చెల్లదు. ఆ బాకీని ఏ న్యాయస్థానమూ వసూలు చేయించదు. బాకీ పేరుతో బెదిరిస్తే పిల్లవాడు ఒంటరిగా ఎదుర్కొనక, పెద్దలతో చెప్పి పోలీసుల సహాయం కోరవలె. "నేను చెబితే నన్నే పట్టుకొంటారు" అనే భయము సహజమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో ఈ భయానికి సమాధానం కొంత ఉన్నది. దాని 64-ఎ సెక్షను ప్రకారం, వాడకానికో, స్వల్ప పరిమాణానికో సంబంధించిన నేరం మోపబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పొందితే ప్రాసిక్యూషను నుండి రక్షణ కలదు. చికిత్సను మధ్యలో విడిచిపెట్టినచో ఆ రక్షణ తొలగింపబడవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దురుపయోగంతో కూడిన మానసిక స్థితులను కూడ మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చినది. ఎక్కడ అడుగవలెనో తెలియనివారికి 14446 అనే ఉచిత జాతీయ సహాయ సంఖ్య ఉన్నది.

ఇంత చెప్పినను, ఒక్కడు ఒంటరిగా తెంచుకొనుట దుర్లభమని మన తెలుగుదేశ చరిత్రయే చెప్పుచున్నది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడులలో అక్షరాలు దిద్దుతూ, సారా వలన చెడిన సంసారం గురించి చదివినారు. ఆ చదువు వారిని మగవారితో ఇంటింటా పోట్లాడుటకు కాక, నేరుగా సారా దుకాణం దగ్గరకు నడిపించినది. 1992లో ఆ మంట రాష్ట్రమంతా వ్యాపించినది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింపబడినది. శాసనాలు వచ్చును, పోవును. కాని ఆ స్త్రీలు గ్రహించిన సత్యం నిలిచినది: త్రాగేవాని చేయి పట్టుకొని ఆపుటకంటె, పోసేవానికీ వానికీ నడుమ ఊరంతా నిలబడుట మేలు.

వరంగల్లుకు చేరువలోనే మరొక దృష్టాంతం ఉన్నది. గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి 1980 దశకం నుండి మద్యం లేని గ్రామంగా పేరు పొందినది. నీటికి, పారిశుద్ధ్యానికి, పొదుపుకు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క కమిటీ ఏర్పరచుకొని గ్రామస్థులు తమ ఊరిని తామే దిద్దుకొన్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకొన్నారు. మద్యం పోయినచోట పని వచ్చి కూర్చున్నది. తీరిక అనే మూడవ పోగు దానంతట అదే సడలినది. అటువంటి ఊరిలో త్రాగుడు మానదలచినవాడు ప్రతి సాయంకాలమూ ఒంటరిగా "వద్దు" అనవలసిన పని లేదు. ఊరే ఒకసారి వాని పక్షాన "వద్దు" అన్నది.

పాఠశాల కూడ ఒక ఊరే. చికిత్స ముగించుకొని వచ్చిన విద్యార్థిని ఉపాధ్యాయుడు ఎట్లు పలకరించినాడన్నదానిపై చాలా భాగం ఆధారపడి ఉన్నది. వానిని వెలివేస్తే, వానికి తెరచి ఉండే తలుపు ఒక్కటే మిగులును. ఆ తలుపు ఎవరిదో మనకు తెలుసును. అందరి యెదుట నీతిబోధ చేసినా ఫలితం అదే. సాయంకాలం ఆటస్థలంలో ఒక చోటు, గ్రంథాలయంలో ఒక బాధ్యత, నాటకంలో ఒక చిన్న వేషం, ఇంటికి వెళ్ళే దారిలో తోడు నడిచే ఒక సహాధ్యాయి, ఇవి ఉపన్యాసంకంటె బలమైన మందులు. సహాధ్యాయులు వాని గతాన్ని తవ్వకుండుట కూడ ఒక సేవయే. ఒకవేళ కాలు జారితే, అంతా పోయినదని చేతులు ముడువరాదు. కొంతకాలం మానిన తరువాత శరీరం పాత మోతాదును తట్టుకొనలేదు. హెరాయిన్ వంటివాటిలో అది ప్రాణాలే తీయవచ్చును. కాబట్టి జారిననాడే చెప్పగల ధైర్యం వానికి ఉండవలె. చెప్పినప్పుడు వినగల ఓర్పు మనకు ఉండవలె.

ఇక ఆ అమ్మినవాని సంగతి ఏమి? వాడు కూడ ఒక తల్లి బిడ్డయే. వానికి చట్టం, చికిత్స, పునరావాసం, మూడును అవసరమే. 2016 తరువాత తెలంగాణలో గుడుంబా కాచుట మానిన కుటుంబాలకు ప్రభుత్వం పునరావాస సహాయం అందించుట ఈ దృష్టితోనే. కాని వానిని ఉద్ధరించే భారం నిన్న మొన్న కోలుకొన్న పిల్లవానిది కాదు, సమాజానిది. స్నేహితునికి మేలు కోరుట వేరు, వాని గుమ్మం త్రొక్కుట వేరు. ఈ భేదం విద్యార్థులకు తెలియజెప్పుట మన బాధ్యత.

ధర్మరాజు వెనుదిరిగిననాడు తమ్ములు నలుగురూ ఆయన వెంట నడిచినారు. ఆపగలిగినవారు మాత్రం లేకపోయినారు. పిలుపు రాకుండ చేయుట మన చేతిలో లేకపోవచ్చును. వచ్చిననాడు ఆ బిడ్డ చెయ్యి పట్టుకొని, "పద, ఇంటికి పోదాము" అనుట మాత్రం మన చేతిలోనే ఉన్నది.