మల్లెకు నీళ్లు ఆపితేనే మొగ్గ: ప్రకృతి పద్ధతిలో మా గుండుమల్లె తోట



ఈ వీడియోలో కనిపిస్తున్నది మా 20 సెంట్ల గుండుమల్లె తోట. ఆకు రాలిపోయి మోడుల్లా ఉంది కదా. దారిన పోయే పెద్దమ్మ ఒకావిడ ఆగి "ఏం అబ్బాయ్, చెట్లన్నీ చంపేస్తున్నావేంటి?" అని అడిగింది. చంపడం లేదండీ, నిద్రపుచ్చుతున్నా అన్నాను.

మల్లె పూసేది కొత్త చిగురు మీద. ఏడాదంతా నీళ్లు తాగుతూ పచ్చగా ఉన్న పొద ఆకునే పెంచుకుంటుంది, మొగ్గ వేయదు. అందుకే డిసెంబరులో నీళ్లు ఆపాలి. ఎన్ని రోజులు అని అందరూ అడుగుతారు. రోజులు లెక్కపెట్టకండి, ఆకు చూడండి. ఎర్ర నేల త్వరగా ఆరుతుంది, నల్లరేగడి ఆలస్యం చేస్తుంది. ఆకు పసుపు తిరిగి చాలావరకు రాలాక, జనవరిలో కొమ్మలను సగానికి కత్తిరిస్తాం. ఎండు పుల్లలు, తెగులు పట్టినవి, లోపల ఒకదానికొకటి రాసుకునేవి మొదలుకంటా తీసేస్తాం. కోసిన చోట పేడ, ఆవు మూత్రం కలిపిన ముద్ద పూస్తాం.

ఇక్కడే మన ప్రకృతి రైతులకు ఒక చిక్కుంది. నేల ఎప్పుడూ కప్పి ఉండాలి, తేమ ఆరకూడదు అని నేర్చుకున్నాం. మంచిదే. కానీ మల్లె మొదట్లో మందంగా గడ్డి ఉంటే మనం నీళ్లు ఆపినా పొద ఆగదు. నా మటుకు ఆ నెల రోజులూ మొదలు చుట్టూ మూరెడు మేర గడ్డి లాగేస్తాను, సాళ్ల మధ్య ఉన్నది ఉంచుతాను. ఇంకో లాభం కూడా ఉంది. మొగ్గలు ఊదా రంగు తిరిగి ఎండిపోయేలా చేసే చిన్న ఈగ ఉంటుంది చూడండి, దాని పిల్ల మట్టిలోకి దిగి ప్యూపా అవుతుంది. మొదట్లో పైపైన మట్టి కదిపి ఎండ తగలనిస్తే అవి చాలావరకు పోతాయి.

కత్తిరించాక మొదలుకు రెండు దోసిళ్ల ఘనజీవామృతం వేసి, గడ్డి మళ్లీ కప్పి, నీళ్లు వదలాలి. ఎకరానికి 200 లీటర్ల లెక్కన మాకు 40 లీటర్ల ద్రవజీవామృతం చాలు, పదిహేను రోజులకోసారి ఇస్తాం. తయారీ మీకు తెలిసిందే.

ఎండ సంగతి చెప్పాలి. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. మా తోటలో పడమట గట్టున వేపచెట్టు కింద ఉన్న పొదలు చూడండి, ఆకు ఎంత నిగనిగలాడుతోందో! పూలు మాత్రం దోసెడు రావు. కొత్తగా వేసేవాళ్లు నీడ ఎటు పడుతుందో ముందే చూసుకోండి. నీరు నిలిచే చోటు, సున్నం ఎక్కువున్న నేల కూడా వద్దు. అలాంటి చోట ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కుతుంది. ఇక కాగడా, జాజి లెక్కలు వేరు, వాటికి ఈ నెలలు పట్టించకండి.

మొగ్గ తొలిచే పురుగు కనిపిస్తే, గూడు కట్టిన మొగ్గలు ఏరి దూరంగా పాతిపెట్టండి. పిందె మొగ్గ దశలోనే నీమాస్త్రం, పురుగు ఎక్కువైతే అగ్నిఅస్త్రం కొట్టుకోండి. కోత మొదలయ్యాక మాత్రం ఆ రోజు పూలు కోసేశాకే పిచికారీ. మూత్రం వాసన ఉన్న మొగ్గను ఏ మారుబేరగాడూ తీసుకోడు!

మార్చి నుంచి పూలు అందుకుంటాయి. పొద్దు పొడవక ముందే, తెల్లగా పొంగి ఇంకా విచ్చని మొగ్గలే కోయాలి. అవి సాయంత్రానికి విచ్చుకుంటాయి. చెట్టు మీదే విచ్చిన పువ్వుకు బజారులో ధర ఉండదు. పెళ్లిళ్ల రోజుల్లో చీకటితోనే ఇంటిల్లిపాదీ తోటలో ఉంటాం, తడిగుడ్డలో మూటకట్టి మొదటి బస్సుకు పంపేస్తాం.