కృష్ణా దిగువ డెల్టా మట్టిబాటల్లో సైకిలు ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

తారు వేయని బాటల మీద, జనసమ్మర్దానికి దూరంగా, పొలాల నడుమ సాగే సుదీర్ఘమైన సైకిలు ప్రయాణాన్ని ఇప్పుడు గ్రావెల్ బైకింగ్ అని వ్యవహరిస్తున్నారు. గుడివాడ, మచిలీపట్నం, దివిసీమల మధ్య పరచుకున్న కృష్ణా దిగువ డెల్టాలో ఇందుకు తగిన బాటలు నాలుగు రకాలు: సాగునీటి కాలువల గట్లు, వరద ఊళ్ల మీదికి రాకుండా నది వెంట కట్టిన కరకట్టలు, పొలాలకు బండ్లు వెళ్లే డొంకలు, ఎర్ర గ్రావెల్ పరిచిన ఊరి రోడ్లు. ఈ బాటలను గురించి ప్రచారంలో ఉన్న అపోహలు చాలామటుకు, బాటను దాని పక్కనున్న నీటి నుంచి వేరు చేసి చూడటం వల్ల పుట్టినవే.

అపోహ 1: ఇది విదేశాల నుంచి వచ్చిన వినోదం, ఈ నేలకు దీనితో సంబంధం లేదు.

వాస్తవం: సంఘటితమైన పోటీగా ఇది పరాయి దేశాల్లో రూపుదిద్దుకున్న మాట నిజమే. ఇటలీలోని టస్కనీ తెల్లమట్టి రోడ్ల మీద లెరోయికా సవారీ 1997లో మొదలైంది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 2006లో ఆరంభమైన పందెం నేడు అన్‌బౌండ్ గ్రావెల్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తొలి గ్రావెల్ ప్రపంచ పోటీని 2022లో ఇటలీలోనే నిర్వహించింది. అయితే గట్టును దారిగా చేసుకోవడం డెల్టాకు కొత్త కాదు. ఆర్థర్ కాటన్ సమర్థించగా, చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో విజయవాడ వద్ద 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట నుంచి సాగిన ప్రధాన కాలువలు సేద్యానికే కాక పడవల రవాణాకు కూడా ఉపయోగపడ్డాయి. పడవలను ఒక నీటిమట్టం నుంచి మరొక మట్టానికి దించేందుకు లాకులు కట్టారు; గాలి అనుకూలించనప్పుడు మనుషులు గట్టున నడుస్తూ మోకులతో పడవలను లాగేవారు. పాలక్యాన్లు, గడ్డిమోపులు కట్టిన సైకిళ్లు ఆ తరువాతి కాలంలో అవే గట్ల మీద తిరిగాయి.

అపోహ 2: డెల్టా చదునుగా ఉంటుంది కనుక శ్రమ ఉండదు.

వాస్తవం: ఎత్తుపల్లాలు లేకపోవడం వల్ల ఎక్కుడు బాధ తప్పుతుంది కానీ, దిగుడులో దొరికే విశ్రాంతి కూడా తప్పిపోతుంది, గంటల తరబడి ఆగకుండా తొక్కుతూనే ఉండాలి. పైగా కొండలు, అడవులు అడ్డులేని ఈ మైదానంలో గాలే అసలైన ఎక్కుడు. గాలి నిరోధం, అంటే ముందుకు సాగే శరీరాన్ని గాలి వెనక్కి నెట్టే బలం, ఆ రెండింటి సాపేక్ష వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిలుకు అంతే వేగంతో ఎదురుగాలి వీస్తే ఆ నిరోధం నాలుగింతలవుతుంది. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కడం వల్ల మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. అందువల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉదయమే గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా బందరు (మచిలీపట్నం) చేరి, మధ్యాహ్నం తరువాత గాలి వెన్నుతట్టగా తిరుగుముఖం పట్టడం మేలు.

అపోహ 3: మట్టిరోడ్డు ఏ కాలంలోనైనా మట్టిరోడ్డే.

వాస్తవం: ఈ ప్రాంతంలో చాలాచోట్ల ఉన్నది నల్లరేగడి. అందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. తడి రేగడి చక్రానికి పొరలు పొరలుగా చుట్టుకుని, ఫోర్కుకూ టైరుకూ మధ్య కూరుకుని, చక్రాన్ని తిరగనివ్వదు. అప్పుడు ఎంతటి బలశాలి అయినా సైకిలును మోయవలసిందే. ఒండ్రుతో ఏర్పడిన డెల్టాలో రాయి దొరకదు కాబట్టి గట్ల మీద పరిచే గ్రావెల్‌ను మెట్ట ప్రాంతాల నుంచి తోలుకొస్తారు; అది పరిచిన చోట నీరు ఇంకి దారి త్వరగా ఆరుతుంది, లేనిచోట ఒక్క వానకే దారి మూసుకుపోతుంది. వరి కోతలు ముగిసి, కోతకు ముందే చేలో చల్లిన మినుము పచ్చగా లేచే డిసెంబరు చివరి నుంచి మార్చి వరకు ఈ బాటలకు అనువైన కాలం. అయితే అదే సమయంలో రైతులు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఆరుగాలం కష్టం అక్కడ పరచి ఉంటుంది కనుక సైకిలు దిగి పక్కగా నడిపించుకుపోవడం ప్రయాణికుని ధర్మం.

అపోహ 4: ఉపగ్రహ పటంలో గీత కనిపిస్తే దారి ఉన్నట్టే, గట్లన్నీ ఒకటే.

వాస్తవం: నది తన ఒండ్రును ముందుగా ఒడ్డునే దించుతుంది కాబట్టి డెల్టాలో నది అంచులు మెరకగా ఉండి, దూరమయ్యే కొద్దీ నేల పల్లమవుతుంది. సాగునీరు తనంతట తానే పొలాల్లోకి పారేందుకు కాలువలను మెరకల వెంట, మిగిలిన నీరు బయటికి పోయేందుకు డ్రెయిన్లను, అంటే మురుగు కాలువలను, పల్లాల వెంట తవ్వారు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే దారి సగం తెలిసినట్టే: కాలువ గట్టు సాధారణంగా ఊళ్లను కలుపుతూ పోతుంది, డ్రెయిన్ గట్టు క్రమంగా నిర్మానుష్యమైన పల్లపు నేలల వైపు, చివరికి ఉప్పునీటి వైపు తీసుకుపోతుంది. పటంలో ఆ గట్టును మరొక డ్రెయిన్ అడ్డంగా కోస్తున్న చోట వంతెన ఉందో లేదో పైనుంచి చూస్తే తేలదు. వంతెన లేకపోతే కిలోమీటర్ల కొద్దీ వెనక్కి రావాలి. చేపల, రొయ్యల చెరువుల గట్లు ప్రైవేటు ఆస్తులు. వాటి మీద విద్యుత్ తీగలు కూడా ఉంటాయి కనుక యజమాని అనుమతి లేనిదే వాటిపైకి వెళ్లరాదు.

అపోహ 5: ఖరీదైన గ్రావెల్ సైకిలు లేకపోతే ఈ ప్రయాణం సాధ్యం కాదు.

వాస్తవం: గతుకుల బాట మీద ముఖ్యమైనది టైరు వెడల్పు, అందులోని గాలి. గ్రావెల్ సైకిళ్లకు సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్ల టైర్లు వాడతారు. పల్లెల్లో తరతరాలుగా తిరుగుతున్న పెద్ద సైకిలుకు వేసే 28 × 1½ అంగుళాల టైరు కూడా దాదాపు 40 మిల్లీమీటర్లే. గాలి కొంత తగ్గించిన వెడల్పాటి టైరు రాయి మీద ఎగిరిపడకుండా దాని ఆకారానికి ఒదుగుతుంది కాబట్టి, అదురు వల్ల వృథా అయ్యే శక్తి ఆదా అవుతుంది. కొత్త సైకిళ్లలో తేలిక బరువు, గేర్లు, డిస్కు బ్రేకులు నిస్సందేహంగా సౌకర్యాలే కానీ అర్హతలు కావు. ఎటువంటి సైకిలుకైనా ఇక్కడ అసలైన శత్రువులు సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరుకాయలు. అదనపు ట్యూబు, పంక్చరు సామాను, చేతిపంపు లేకుండా గట్టెక్కడం వివేకం కాదు.

అపోహ 6: దివిసీమలో బాట వెంట పోతే ఎక్కడైనా సముద్రం దాకా తొక్కవచ్చు.

వాస్తవం: కూచిపూడి, మొవ్వ, బౌద్ధ స్తూపమున్న ఘంటసాల, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరే దారి సైకిలుకు ఎంతో అనుకూలం. పులిగడ్డ వద్ద చీలిన కృష్ణ తూర్పుపాయ హంసలదీవి దగ్గర, తక్కిన ప్రవాహం మళ్లీ పాయలై నాగాయలంక దిగువన సముద్రంలో కలుస్తాయి. ఆ చివరి భాగంలో కనిపించే బాటలు కొన్ని ఆటుపోట్లకు మునిగి తేలుతుంటాయి. కొన్ని కృష్ణా అభయారణ్యపు మడ అడవుల్లోకి పోతాయి, అక్కడికి అటవీశాఖ అనుమతి అవసరం. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి కాబట్టి ఆ ఇసుక మీద చక్రాలు తిప్పకూడదు.

అపోహ 7: వానాకాలం దాటితే ప్రమాదం దాటినట్టే.

వాస్తవం: బందరును ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1న, దివిసీమలో వేల ప్రాణాలు బలిగొన్న ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చాయి, 1990లో తుపాను మే నెలలోనే విరుచుకుపడింది. సముద్రమట్టానికి కొద్దిగానే ఎత్తున్న నేల మీద ఉప్పెన నీరు చాలా లోపలికి చొచ్చుకువస్తుంది. కరకట్ట నది వరదను ఆపడానికి కట్టినదే తప్ప మనిషికి ఆశ్రయం కాదు. కనుక వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున ప్రయాణం మానుకోవాలి, ఉరుములు వినిపించిన వెంటనే గట్టు దిగి పక్కా భవనంలోకి చేరాలి.

ఈ బాటలు విహారం కోసం వేసినవి కావు. నీటిని నడిపించడానికి, వరదను నిలువరించడానికి, పంటను ఇంటికి చేర్చడానికి ఏర్పడినవి. అందుచేత వీటి గురించి నమ్మదగిన సమాచారం కాలువ గట్లను రోజూ కనిపెట్టి ఉండే లస్కర్ల దగ్గర, ఆ గట్టు దిగువన సేద్యం చేసే రైతుల దగ్గర ఉంటుంది. బయలుదేరే ముందు వారిని అడిగి, వారి పనికి అడ్డు రాకుండా సాగే ప్రయాణికునికి కృష్ణా డెల్టా ఏ దేశపు గ్రావెల్ బాటలకూ తీసిపోదు.